ఎడమచేతి సుత్తె

కోదాడలో హైవే పక్కన ఒక గ్రానైటు దుకాణం. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అక్కడ ఉన్నవి, ఉన్నవాళ్లు: కోత మిషన్లు రెండు, నడుస్తున్నది ఒకటి. గోడకు ఆనించి నిలబెట్టిన పలకలు పదకొండు, ఎనిమిది నల్లవి, మూడు బూడిదరంగువి. ఒక నీళ్ల డ్రమ్ము. ఫోన్లో మాట్లాడుతున్న యజమాని. కిచెన్ ప్లాట్‌ఫాం కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లిన నేను. వెనక రేకుల షెడ్డులో, మిషను అందని మూలను ఉలితో సరిచేస్తున్న పనివాడు ఒకడు. అతని సుత్తె ఎడమచేతిలో ఉంది.

"ఏవండీ, నలుపు తీసుకుంటారా, బూడిద తీసుకుంటారా?" అని యజమాని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు. "అలా చూస్తారేంటండీ, వాడు ఎడంచేతివాడే కానీ పని బాగా చేస్తాడు" అని మూడోసారి అన్నది మాత్రం వినపడింది.

నాకు తెలుసని చెప్పాను. నలుపు తీసుకున్నాను. ఇంటికి వస్తున్న దారి పొడుగునా మేస్త్రి తాతే గుర్తుకొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది.

నేను డిప్లొమా సివిల్ చదివాను. సూర్యాపేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుని. అప్పట్లో మాకు వచ్చిన పని, పెన్‌పహాడ్ దాటాక పొలాల మధ్య ఉన్న ఒక చిన్న పాత శివాలయం. పైకప్పు మీద మొలిచిన చెట్లు తీసి వాన కారకుండా చేయాలి. ముందు భాగంలో కుంగిన బండలు లేపి మళ్లీ పరచాలి. గుడి కమిటీ ఇంకొకటి కూడా చేర్చింది: నందిని పూర్తి చేయించాలి.

ఆ నంది నడుమెత్తు ఉంటుంది. తోక, వీపు, మూపురం, మెడలో గంటల పట్టీ, అన్నీ అద్దంలా నునుపు. మెడ సగం దాటాక పని ఆగిపోయింది. ముఖం ఉండాల్సిన చోట ముఖం ఆకారంలో ఒక మొద్దు ఉంది, అంతే. ఊరంతా దాన్ని మూతిలేని నంది అంటారు. రాజు యుద్ధంలో చనిపోతే శిల్పులు పని వదిలేసి పారిపోయారని చెప్పుకుంటారు. నుదురు, మూతి అనుకున్న చోట తరతరాలుగా నూనె, పసుపు, కుంకుమ పూసి పూసి వేలి మందాన పొర కట్టింది. ఎప్పుడో గుడి కట్టినవాళ్లు వదిలేసింది ఈసారి శివరాత్రికి పూర్తవుతుందని కమిటీ పెద్ద ఊరందరికీ చెప్పేశాడు. ఆయన్ను పటేలు అంటారు. మాజీ సర్పంచి, వడ్ల వ్యాపారం. ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. అందులో ముఖమున్న వేరే ఏదో ఊరి నంది ఫోటో వేయించాడు.

రాతిపనికి మనిషిని మిర్యాలగూడ నుంచి పిలిపించాం. బస్సు దిగిన మేస్త్రి తాతను చూసి నేను కొంచెం నిరుత్సాహపడ్డాను. పొట్టి మనిషి, డెబ్బైకి దగ్గర. భుజాన పాత స్కూలు బ్యాగు. దాని మీద కార్టూను బొమ్మ. లోపల ఉలులు, ఒక్కొక్కటి ఒక్కో గుడ్డముక్కలో చుట్టి ఉన్నాయి. చెవి మీద బీడీ. దాన్ని ఆయన వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. పని ముగిశాక వెలిగించాలని పెట్టుకుంటాడు, పని ముగిసేసరికి మరిచిపోతాడు.

అప్పటికే నేను నందిని నాలుగు వైపులా కొలిచి డ్రాయింగు వేశాను. దెబ్బతిన్న చోట్లకు ఎర్ర పెన్నుతో నంబర్లు ఇచ్చాను. మొత్తం పద్నాలుగు. గర్వంగానే చూపించాను.

ఆయన కాగితాన్ని నంది పక్కన పెట్టి ఒక్కో నంబరూ చూసుకుంటూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. కళ్లలో నవ్వు.

"సారూ, గివి ఎవలు కొట్టిన దెబ్బలు?"

"తెలియదు. పాతవి."

"పాతయే. గని దెబ్బలు గావు. పని. నువ్వు వాని పనికి నంబర్లేసినవ్."

నన్ను చేయి పట్టుకుని మెడ దగ్గర కూర్చోబెట్టాడు. నేను పగుళ్లని రాసినవి నిలువు గాళ్లు. పొలం దున్నినట్టు ముందు రాతిలో సాళ్లు కొడతారట. సాలుకూ సాలుకూ మధ్య మిగిలిన గట్టును పక్క నుంచి ఒక్క దెబ్బతో ఎగరగొడతారు. మళ్లీ సాళ్లు, మళ్లీ గట్లు. అలా వేలెడు వేలెడు లోపలికి వెళతారు. ఆకారం దగ్గరపడ్డాక మొన ఉలితో చుక్కలు చుక్కలుగా చెక్కుతారు. తర్వాత పట్టె ఉలి. ఆఖరికి ఇసుక, నీళ్లు, ఇంకో రాయి పెట్టి రుద్దుడు. నేను తుపాకి గుళ్ల మచ్చలేమో అని పక్కన ప్రశ్నార్థకం పెట్టిన వరుస గుంతలు, బండను గుట్ట నుంచి చీల్చినప్పుడు మేకులు దిగ్గొట్టిన జాడలు.

"తోక దిక్కు నుంచి మూతి దిక్కు సూస్కుంట రా. పనంత వరుసగ ఉన్నది. వాడు రోజు ఏం జేసిండో నీకు సూపెడుతున్నడు. పూర్తయిన బొమ్మల గిదంత యాడ కనవడతది?"

ఆ సాయంత్రం డ్రాయింగు మళ్లీ వేశాను. పద్నాలుగు నంబర్లూ కొట్టేశాను.

ఆయనకొక అలవాటు ఉండేది. కనిపించినదాన్నల్లా వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి వినేవాడు. గుడి స్తంభాలు, నీళ్ల బిందె, నా బండి పెట్రోలు ట్యాంకు. "సగం ఉన్నది" అన్నాడు, సగమే ఉంది. ఒకసారి నా తల మీద హెల్మెట్ ఉండగానే తట్టి, "లోపట ఏదో ఉన్నదిరా బాబు, సంతోషం" అన్నాడు. పటేలు తన కొత్త ఇంట్లో మాకు భోజనం పెట్టించిన రోజు హాల్లోకి అడుగుపెట్టగానే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. టైల్స్ ఒక్కొక్కటీ తట్టుకుంటూ దేవుడి గది దాకా వెళ్లాడు. పటేలు భార్య విస్తరాకు చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడింది.

"పటేలా, తొమ్మిదింటి కింద సిమెంటు లేదు" అన్నాడు లేచి.

"అన్నం తింటవా, ఇల్లు తవ్వుతవా?" అన్నాడు పటేలు.

"రెండు జేస్త. ముందు అన్నం."

పటేలుకు ఆ మాట మింగుడు పడలేదు. మరునాడు గుడి దగ్గర తాత ఉలులకు మొన సరిచేసుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు. పూజారి కూడా వెంట ఉన్నాడు. బొగ్గుల మీద ఉలి కాలుతోంది. తాత దాన్ని బయటికి తీసి సుత్తెతో సాగగొట్టాడు, రంగు చూసుకుని నీళ్లలో ముంచాడు. సుయ్యిమంది. పటేలు చూపు సుత్తె మీద ఉంది.

"ఏందిది, ఎడమచేత్తో కొడుతున్నవ్?"

"నా చెయ్యి గిదే పటేలా."

"గిదే అంటే? దేవుని మొఖం ఎడమచేత్తో చెక్కుతవా? ముందే చెప్పొద్దా? ఊరు నా మీద పడి తింటది."

తాత ముఖంలో నవ్వు పోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఉలులు గుడ్డముక్కల్లో చుట్టడం మొదలుపెట్టాడు. పటేలు వెళ్లిపోయాక నాకు చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన ఎడమచేతిని నడుముకు కట్టేసి పని నేర్పాలని చూశాడట. కుడిచేత్తో కొడితే ఉలి జారి బొటనవేలు నలిగింది. దాంతో నాయన ఒక పద్ధతి పెట్టాడు. దేవుడి బొమ్మలన్నీ అన్నకు. మిగిలినవి తమ్ముడికి. రోళ్లు, ఇసుర్రాళ్లు, మెట్లు, హద్దురాళ్లు, గడపలు.

"దేవుని కింద పీట నాది. పీట మీద దేవుడు మా అన్నది" అన్నాడు. "మంచిగ చెక్కెటోడు మా అన్న. ఆయనంటే నాకు కోపం లేదు. గని యాభై ఏండ్ల సంది పీటలే చెక్కుతున్న బిడ్డా. ఒక్క మొఖం. గది చెక్కుదామనే వచ్చిన. గింత దూరం వచ్చినంక ఇట్ల."

బస్సుకు ఇంకా గంట ఉంది. ఊరికే కూర్చోలేక నంది దగ్గరికి వెళ్లి, చెక్కి వదిలేసిన చెంపలను చూస్తూ నిలబడ్డాడు. వీపుకు వెళ్లి చూశాడు. మళ్లీ చెంపకు వచ్చాడు. చెంపకు చెంప ఆనించినంత దగ్గరగా వంగాడు. అంతలో పెద్దగా అరిచాడు.

"సారూ! ఉరికి రా! వీడు నా అసొంటోడు!"

కుడిచేతి పనివాడు ఉలిని ఎడమచేత్తో పట్టుకుని కుడివైపు నుంచి కొడతాడు. ఉలిగీత పైన కుడి నుంచి కింద ఎడమకు దిగుతుంది. ఎడమచేతివాడిది దానికి ఎదురు. వీపు కింద, పొట్ట దగ్గర రుద్దకుండా వదిలిన గీతలన్నీ కుడిచేతివి. రెండు చెంపల మీదివీ ఎడమచేతివి.

నేను వెంటనే నమ్మలేదు. మనిషి అవతలి పక్క నిలబడి, లేదా తల కిందికి వంచి కొట్టి ఉండొచ్చు కదా అన్నాను. అలాగైతే ఒక చెంప మీద ఒకలా, రెండో చెంప మీద ఇంకోలా ఉండాలి. నా బ్యాగులో ట్రేసింగు కాగితం ఉంది. రెండు చెంపల మీదా పరిచి పెన్సిలుతో రుద్ది గీతల అచ్చు తీశాను. కోణమానినితో ఒక్కొక్కటీ కొలిచాను. స్పష్టంగా ఉన్నవి నూట పద్దెనిమిది. అందులో నూట మూడు ఎడమచేతివి, రెండు చెంపల్లోనూ ఒకే వాలు. నేను కొలుస్తున్నంత సేపూ తాత నా వెనక నిలబడి, పరీక్ష రాసినవాడు ఫలితం కోసం చూసినట్టు చూశాడు. లెక్క చెప్పగానే బ్యాగు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. బస్సు వెళ్లిపోయింది.

కాగితాలు తీసుకుని ఇద్దరం పటేలు ఇంటికి వెళ్లాం. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి పూజారికి ఇచ్చాడు. పూజారి వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"పటేలా, ఆ కాలంల స్వామే ఎడమచేత్తో చేయించుకున్నడు. ఇప్పుడు మనం వద్దంటే ఏం బాగుంటది?"

పటేలు కాగితాలు తిరిగి తీసుకుని మడిచాడు. "సరే" అన్నాడు. "గని నా టైల్స్ సంగతి ఊర్ల చెప్పకు."

పని మొదలుపెట్టే రోజు ఊళ్లో సగం మంది వచ్చారు. ముందురోజే నంది ముఖానికి పట్టిన నూనె పొరలన్నీ కడిగించాం. అన్నిటినీ తట్టి చూసే మనిషి అప్పటిదాకా ఆ ముఖాన్ని మాత్రం తట్టలేదు. అది వాళ్లింటి కట్టుబాటు. పూజ చేసి అనుమతి అడగందే దేవుడి ముఖం మీద సుత్తె గానీ వేలు గానీ పెట్టరు. పూజారి హారతి ఇచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. తాత దండం పెట్టుకుని బిందెడు నీళ్లు నంది తల మీద గుమ్మరించాడు. అందరూ అది కూడా పూజలో భాగమే అనుకున్నారు. ఆయన మాత్రం పక్కకు జరిగి చేతులు కట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

రాయి ఆరుతోంది. మూపురం ఆరింది, నుదురు ఆరింది, చెంపలు ఆరాయి. ఎడమ కంటి చోటు నుంచి దవడ కింది దాకా వెంట్రుకంత సన్నటి గీత ఒకటి తడి తడిగా నల్లగా మిగిలిపోయింది.

ఆయన దగ్గరికి వెళ్లి గీతకు పైన తట్టాడు. ఖంగుమంది. కింద తట్టాడు. పగిలిన కుండను తట్టినట్టు మొద్దుగా వచ్చింది. మళ్లీ తట్టాడు. మళ్లీ అదే. నేనూ విన్నాను. యాభై ఏళ్లు ఎదురుచూసిన ముఖం ఎదురుగా ఉంది, ఊరు ఒప్పుకుంది, ఉలి చేతిలో ఉంది. ఆయన ఉలిని కింద పెట్టాడు. బండ మీద కూలబడ్డాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏమైంది? పిచ్చి లేసిందా?" అన్నాడు పటేలు.

"రాజు సచ్చి గాదు, యుద్ధమొచ్చి గాదు పటేలా. రాయిల జీర ఉన్నది, లోపట సన్న పగులు. ఇంకో వేలెడు తీస్తే మూతి ఊడి చేతుల పడతది. వానికి తెలిసింది. అందుకే ఉలి కింద పెట్టిండు. నాకంటె ముందు గీడనే, గీ జాగలనే కూసోని ఉంటడు."

"అంటే నీకు శాతగాదను."

"పలగ్గొట్టుడు ఎవనికైన శాతనైతది. జర కోపం తగ్గించుకోని ఇను. గీ నంది గిట్లనే ఉండనీ. దీని ముందల ఇంకోటి పెడదాం. చిన్నది. మొఖంతోని. నేను చేస్త."

"శివరాత్రి నెలన్నర ఉన్నది!"

"అందుకే ఇప్పుడే పోతున్న. బస్సు పోతే మళ్లీ సాయంత్రందాక లేదు."

నిజంగానే వెళ్లిపోయాడు. పటేలు రెండు రోజులు గుడి వైపు రాలేదు. మూడో రోజు నాకు ఫోన్ చేసి, "ఆ ముసలాయన షెడ్డు మిర్యాలగూడల యాడ ఉంటది?" అని అడిగాడు.

తర్వాత నేను నాలుగుసార్లు వెళ్లాను. ఊరి చివర, రైసుమిల్లుల దారిలో రేకుల షెడ్డు అది. మొదటిసారికి రాయి దొరికింది. తడిపి, ఆరబెట్టి, తట్టి, ఏడు బండలు వద్దని ఎనిమిదోది తెచ్చాడు. రెండోసారికి వీపు, మూపురం వచ్చాయి. మూడోసారికి గంటల పట్టీ, డెక్కలు, తోక, అన్నీ అయ్యాయి, ముఖం మాత్రం మొద్దుగానే ఉంది. తోక వెంట్రుకలు మళ్లీ సవరిస్తున్నాడు.

"తాతా, తోక ఎన్నిసార్లు చేస్తవ్? భయమా?" అన్నాను.

"భయమే. పెండ్లికొడుకు లెక్క ఉన్నది నా పని" అన్నాడు. "ఇయ్యాల పో. నువ్వు సూస్తుంటె సిగ్గైతది."

నాలుగోసారి వెళ్లేసరికి పటేలు నాకంటే ముందే అక్కడ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సాసరులో టీ పోసుకుని తాగుతున్నాడు. అది తాత అలవాటు, ఆయనకెప్పుడు అంటిందో తెలియదు. నందికి ముఖం వచ్చింది. పెద్ద కళ్లు, కొంచెం పైకెత్తిన మూతి, మూతి చివర నాలుక కొస. పెదాల దగ్గర ఒక వంపు ఉంది. పటేలు దాన్నే చూస్తున్నాడు.

"అదంత సరే. గని ఇది నవ్వుతున్నదేంది?"

"నిన్ను సూసే."

పటేలు నవ్వాపుకోలేక సాసరు ఒలకబోసుకున్నాడు.

శివరాత్రికి మూడు రోజుల ముందు నందిని ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి ఎక్కించాం. గుడి దగ్గర దింపడానికి నేను చైన్‌పుల్లీ మాట్లాడాను. నాకు బరువు కావాలి. కొలతల ప్రకారం లెక్కేస్తే నాలుగు వందల యాభై దాకా వచ్చింది. కానీ నంది చదరంగా ఉండదు కదా, లెక్క మీద నాకే నమ్మకం లేదు. దారిలో ఒక మిల్లు వేబ్రిడ్జి మీద తూకం వేద్దామన్నాను. తాతకు అది తెగ నచ్చింది. గబగబా ట్రాలీ ఎక్కి నంది పక్కన కూర్చున్నాడు.

మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. నిడమనూరు నుంచి వచ్చిన ఒక రైతు వెనక ఆగాం. ఆయన తిరిగి చూసి, దిగి వచ్చి, నంది కొమ్ముల మధ్య నుంచి ఎదుటికి చూసి దండం పెట్టుకున్నాడు. "ఎవలు చేసిన్రు?" అన్నాడు. తాత ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు. ఆ రైతు ముందున్నవాళ్లకు కేకేశాడు. "జరగుర్రి, దేవుడొచ్చిండు!" డ్రైవర్లు బండ్లు పక్కకు తీశారు. వరుసంతా వదిలి మమ్మల్ని ముందుకు పంపారు.

కాంటా గదిలో ఆపరేటరు తల ఎత్తకుండా అడిగాడు. "సరుకు ఏంది? వడ్లా, బియ్యమా, తౌడా?"

"నంది" అన్నాడు తాత, ట్రాలీలోంచే.

ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. వేళ్లు కాసేపు మీటల మీద ఆగాయి. తర్వాత ఒక్కో అక్షరం కొట్టాడు. "ముసలాయన దిగాలె. మనిషి బరువు కలుస్తది."

"దిగ. నా బరువు తీసెయ్యి. యాభై రెండు. మొన్ననే దవాఖానల సూసిన్రు."

"గట్ల కుదరదు తాతా, మిషను ఒప్పుకోదు."

దిగాడు. దిగి, ట్రాలీ అంచు మీద చేయి వేసి నిలబడ్డాడు. చేయి కూడా తీయమన్నారు. తీశాడు. మొదట నందితో ట్రాలీని తూచారు. తర్వాత పది మంది పట్టి నందిని పక్కన ఇసుక బస్తాల మీద దింపాక, ఖాళీ ట్రాలీని తూచారు. స్లిప్పు వచ్చింది. తాత నా చేతిలోంచి లాక్కుని ఎండకు పెట్టి చూశాడు. చదువు రాదు, అంకెలు వచ్చు. వరుసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా పైకి చదివాడు.

నికర బరువు 430 కిలోలు.